ఆ మూడు పాయింట్ల గొడవ

ఈయనకి చెబుదామంటే "మళ్లీ ఆ డీ-డైమర్ గోలేనా" అని అటు తిరిగి పడుకున్నారు. అంచేత మీకే. (డీ-డైమర్ అంటే రక్తంలో గడ్డ కట్టి కరుగుతుంటే పెరిగే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష.)

మా కుర్ర డాక్టరు సంగతి తెలుసుగా, తెలివైనవాడు, నా బాధంతా అదే. పొద్దున ఒక పెద్దావిడ ఆయాసంతో వచ్చారు, 68 ఏళ్లు, నాడి 106. నేను వెళ్లేసరికే సీటీ యాంజియోకి, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాలు చూసే స్కాన్‌కి, రాసేశాడు. "వెల్స్ స్కోర్ నాలుగున్నర వచ్చింది మేడమ్, ఊపిరితిత్తుల్లో గడ్డే అయ్యుంటుంది" అన్నాడు. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి ఉండే అవకాశం ఎంతో పాయింట్లు వేసి అంచనా కట్టేదే ఈ వెల్స్. నాడి వంద దాటింది కాబట్టి ఒకటిన్నర, సరే. మిగతా మూడు ఎక్కణ్నుంచి వచ్చాయి? వెల్స్‌లో మూడేసి పాయింట్లు ఇచ్చేవి రెండే: కాల్లో గడ్డ కట్టిన లక్షణాలు ఒకటి, ఇంకే జబ్బూ పల్మనరీ ఎంబోలిజం (అదే, ఊపిరితిత్తుల్లో గడ్డ) కంటే ఎక్కువ అనుమానం కలిగించట్లేదని డాక్టరుకి అనిపించడం రెండోది. తక్కినవన్నీ ఒకటో ఒకటిన్నరో. ఆవిడ కాళ్లు శుభ్రంగా ఉన్నాయి, అంటే వాడు వేసింది రెండోదే. ఎందుకనిపించింది బాబూ అంటే, "డీ-డైమర్ 640 కదా మేడమ్" అన్నాడు.

అసలు స్కోర్ వేసేదే డీ-డైమర్ పంపాలా, నేరుగా సీటీకి వెళ్లాలా తేల్చుకోడానికి! 4 దాటకపోతే డీ-డైమర్, అది నెగటివ్ అయితే అక్కడితో ఆగిపోవచ్చు. 4 దాటితే సీటీ. వీడేమో రిపోర్టు చూసి, దానికి సరిపడా స్కోర్ తయారు చేసి, ఆ స్కోర్ చూపించి సీటీ రాశాడు. జవాబు చూసుకుని లెక్క చేసినట్టు. పోనీ ఆ రిపోర్టైనా సరిగ్గా చూశాడా? 500 దాటగానే ల్యాబ్ కాగితం మీద పైకి బాణం పడుతుంది, అది చూసి అందరికీ కంగారు. 50 దాటినవాళ్లకి వయసుని పదితో గుణించి ఆ గీత పెట్టుకోవచ్చని 2014 నుంచీ ఉంది. ఆవిడకి 680. అంటే 640 నెగటివే! రెండు రోజులుగా జ్వరం, ఊపిరితిత్తుల్లో కుడివైపు కింద గరగరమంటోంది, ఎక్స్‌రేలో అక్కడే మచ్చ, న్యుమోనియా లాగే ఉంది. న్యుమోనియాలోనూ డీ-డైమర్ పెరుగుతుంది, క్యాన్సర్‌లోనూ, గర్భంలోనూ, ఊరికే వయసు మీదపడ్డా పెరుగుతుంది. పైగా క్రియాటినిన్ అసలే కొంచెం ఎక్కువగా ఉన్న, అంటే కిడ్నీలు కాస్త మందగించిన మనిషికి సీటీ కోసం కాంట్రాస్ట్ మందు ఎక్కించడమా?

సీటీ ఆపించాను. సాయంత్రానికి ఆవిడ తేరుకుని ఫోన్లో ఎవరినో గట్టిగా కేకలేస్తున్నారు, బాగుంది.

దార్లో వస్తూ ఈ "అనిపించడం" అనే పాయింటే తీసేయాలి అనుకున్నాను. ఇదే గడ్డకి వేసే ఇంకో లెక్క, 2006లో సవరించిన జెనీవా స్కోర్‌లో అది లేదు. వయసు, నాడి, పాత గడ్డలు, ఆపరేషన్, కాలు నొప్పి, ఇలా చూసి కొలిచేవీ అడిగి రాసుకునేవే ఉంటాయి, ఎవరు వేసినా దాదాపు ఒకే అంకె రావాలి. హాయి కదా.

కానీ ఇంటికొచ్చాక మా పెద్ద మేడమ్ గుర్తొచ్చారు. నేను పీజీలో ఉండగా ఒకాయనకి మోకాలి ఆపరేషన్ అయి వారం దాటింది, రాత్రిపూట ఆయాసం, నాడి 112. ఎముకల వార్డు వాళ్లు నొప్పికి భయపడుతున్నాడు అన్నారు, మాకూ అలాగే ఉంది. మేడమ్ వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయన్ని మాట్లాడనిచ్చారు, వీపు మీద చాలాసేపు విన్నారు, ఎక్స్‌రే లైటు కింద పెట్టి మళ్లీ చూశారు. "నొప్పి మందు పనిచేసి నొప్పి తగ్గింది, నాడి తగ్గలేదు. ఛాతీ శుభ్రంగా ఉంది. మరి ఆయాసం ఎందుకు? ఎవరైనా చెప్పండి" అన్నారు. ఎవరం చెప్పలేకపోయాం. "అయితే మూడు వెయ్యి" అన్నారు. ఆపరేషన్‌కి ఒకటిన్నర, నాడికి ఒకటిన్నర, ఈ మూడు, మొత్తం ఆరు. సర్జన్‌తో మాట్లాడి సీటీకి ముందే హెపారిన్ (రక్తం గడ్డ కట్టకుండా ఆపే మందు) మొదలుపెట్టించారు. సీటీలో కుడి ఊపిరితిత్తి ధమనిలో పెద్ద గడ్డ! ఆ మూడు లేకపోతే స్కోర్ మూడే, "అవకాశం తక్కువ" కిందికి పోయేవాడు, డీ-డైమర్ పంపి కూర్చునేవాళ్లం, ఆపరేషన్ అయిన మనిషికి అది ఎలాగూ పెరిగే ఉంటుంది.

కాబట్టి తీసేయకూడదు. మేడమ్ ఆ మూడు ఊరికే వేయలేదు, మిగతావన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చి వేశారు. మావాడు దేన్నీ కొట్టేయలేదు, మంచం దగ్గర స్టూలు కూడా లాగలేదు. (నేను పంపకముందే డీ-డైమర్ వెళ్లిపోయేలా వచ్చినవాళ్లందరికీ ఒకే రక్తపరీక్షల కట్ట పెట్టినవాళ్లని ఏమనాలో ఇంకోరోజు.)

ఇంత రాశాక వాడి మీద కోపం సగం తగ్గింది. పెరిగిన అంకె ఎదురుగా ఉంటే దాన్ని చూడనట్టు స్కోర్ వేయడం నాకూ తేలికేం కాదు. రేపట్నుంచి ఆ మూడు వేసినప్పుడల్లా పక్కనే ఏ జబ్బుల్ని ఎందుకు కొట్టేశాడో రెండు ముక్కలు రాయమంటాను. మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.