వేసవి నవలలు, నా మాటగా

వేసవి నవల తేలిగ్గా ఉంటే చాలంటారు చాలామంది, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. లిజ్ మూర్ 'ది గాడ్ ఆఫ్ ది వుడ్స్' (2024) చూడండి. 1975 ఆగస్టు, అడవి పక్కన పిల్లల సమ్మర్ క్యాంప్, తెల్లారేసరికి బార్బరా అనే అమ్మాయి మంచం ఖాళీ. 1961లో వాళ్ల అన్న కూడా ఆ చుట్టుపక్కలే కనిపించకుండా పోయాడు. కథ ముందుకీ వెనక్కీ దూకుతుంటే మొదట్లో కాస్త విసుగొస్తుంది గానీ, ఆ డబ్బున్న ఇంట్లో తల్లి ఆలిస్‌ని నోరెత్తకుండా ఎలా చేశారో చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది, ఎవరు చేశారన్న టెన్షన్ కంటే నన్ను పట్టుకున్నది అదే.

ఆన్ ప్యాచెట్ 'టామ్ లేక్' (2023) నెమ్మది పుస్తకం. 2020 వేసవిలో చెర్రీలు కోస్తూ లారా తన ముగ్గురు కూతుళ్లకి పాత ప్రేమకథ చెబుతుంది, కొంత చెప్పి కొంత దాస్తుంది. ఆ దాచుకోవడమే దీనికి ప్రాణం. ఆ పాత కథలో వచ్చే నాటకం రిహార్సల్స్ దగ్గర మాత్రం సాగదీశారు.

టేలర్ జెంకిన్స్ రీడ్ 'అట్మాస్ఫియర్' (2025) మొదలు అదిరింది, పైన స్పేస్ షటిల్‌లో ప్రమాదం, కింద కంట్రోల్ రూమ్‌లో జోన్, ఊపిరి బిగబట్టి చదివాను. కానీ తర్వాత పాత్రలు మనసులో ఉన్నదంతా విడమరిచి చెప్పేస్తుంటే మనం ఊహించుకోవడానికి ఏం మిగులుతుంది? చెల్లెలి కూతురు ఫ్రాన్సెస్‌తో జోన్ గడిపే పేజీలు మాత్రం మళ్లీ చదువుతాను.