చిటపటలు ఆగేదాకా

రాత్రి పదకొండున్నర. వంటిల్లు సర్దేసి గంట దాటింది, పొగ వాసన మాత్రం కర్టెన్లని వదల్లేదు. పొద్దున ఎయిర్ ఫ్రయ్యర్ పొగకి అలారం మోగేసరికి అత్తయ్యగారు పూజ మధ్యలోంచి లేచి వచ్చిన సంగతి మళ్ళీ తవ్వను. నిద్ర పట్టకుండా చేస్తున్నది ఎయిర్ ఫ్రయ్యర్ పెట్టెలో వచ్చిన ఆ అట్టముక్క. బేకన్ (ఉప్పులో ఊరబెట్టి, పొగ పట్టించిన పంది పొట్ట మాంసం) బొమ్మ పక్కన ఒకే ఒక్క లైను: 400 డిగ్రీలు, 10 నిమిషాలు.

ఏ మందం బేకన్‌కి? అది రాయలేదు. ఇక్కడ అమెరికా దుకాణాల్లో దొరికే మామూలు కోత పట్టీ అంగుళంలో పదహారో వంతు ఉంటుంది, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు. థిక్ కట్ దానికి రెట్టింపు. పౌను ప్యాకెట్ విప్పితే మొదటి రకం 16 నుంచి 20 పట్టీలు వస్తాయి, రెండోది డజను దాటితే గొప్ప. పైగా కొన్నిటికి మేపుల్ సిరప్పో బ్రౌన్ షుగరో పట్టించి ఉంటారు. వీటన్నిటికీ కలిపి ఒకటే లెక్క! దోసెకీ దిబ్బరొట్టెకీ ఒకే సెగ, ఒకే సమయం చెప్తే ఎవరైనా ఊరుకుంటారా? వంట రానివాళ్ళే ఆ అట్ట చూసి చేస్తారు, మోసపోయేది కూడా వాళ్ళే. అందుకే నాకింత కోపం.

పంది కొవ్వు 375 ఫారిన్‌హీట్ దగ్గర్లో, అంటే 190 సెల్సియస్ చుట్టుపక్కల, పొగ వదలడం మొదలుపెడుతుంది. 400 అంటే 204 సెల్సియస్. లోపల గాలి 400 ఉన్నా, పట్టీలో తడి ఉన్నంతసేపూ పట్టీ అంత వేడెక్కదు. అసలు చిక్కు కారిన కొవ్వుతో. బుట్ట కన్నాల్లోంచి సొరుగు అడుక్కి జారి, కాలుతున్న రేకు మీద పల్చగా పరుచుకుంటుంది. కొన్ని తుంపర్లు గాలికి లేచి పైన ఎర్రగా ఉన్న కాయిల్‌కి తగులుతాయి. పొగ పుట్టేది ఈ రెండు చోట్లే, బేకన్ మాడి కాదు.

దీనికి విరుగుడు ఏ ఖర్చూ లేనిది. మొదలుపెట్టే ముందు బుట్ట కింద సొరుగులో రెండు మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు. నీళ్ళున్నంతసేపూ అడుగు నూరు సెల్సియస్ దాటి పోదు. నీళ్ళు బుట్ట అడుగుకి తగలకుండా చూసుకోవాలి, తగిలితే కింది పట్టీలు ఉడికిపోతాయి. కొందరు ఒక బ్రెడ్డు ముక్క పెడతారు. ఒక్క వాయికి అది బాగానే పీలుస్తుంది, రెండో వాయికి అదే మాడడం మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. వాయి మధ్యలో పొగ వచ్చింది కదా అని కాగుతున్న కొవ్వు మీద నీళ్ళు పోయకూడదు, మొహం మీదికి చిందుతుంది. ఆపి, సొరుగు లాగి, కొవ్వు ఒంపి, కాస్త చల్లారాకే నీళ్ళు.

ఇంతవరకూ రాసి మళ్ళీ చదివాను. తప్పంతా 400 మీదికి నెట్టేశాను కానీ అది పూర్తి న్యాయం కాదు. పల్చటి కోత, తీపి పూయనిది, కడిగిన సొరుగు, కింద నీళ్ళు... ఇవన్నీ ఉంటే 400 దగ్గర ఏడు నిమిషాల్లో చక్కగా విరిగే బేకన్ వస్తుంది, అలారం నోరెత్తదు. మరి పొద్దున ఏమైంది? నిన్న రాత్రి మా ఇంటి పెద్దమనిషి, అంటే మా ఆయన, చికెన్ రెక్కలు చేసి సొరుగుని పేపర్ టవల్‌తో తుడిచి పెట్టేశారు. కడగలేదు. బుట్ట కింద నిన్నటి కొవ్వు, మసాలా పొడి పేరుకుని ఉంది, మొదటి మూడు నిమిషాల్లో అదే రాజుకుంది. బేకన్‌కి అప్పటికింకా రంగే తిరగలేదు. కాబట్టి సగం నేరం అట్టముక్కది, సగం ఆ తుడుపుది.

ఇక కడగడం సంగతి. గోరువెచ్చగా ఉండగానే కొవ్వు ఒంపేసి, వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు పోసి ఇరవై నిమిషాలు నాననివ్వాలి. నాన్‌స్టిక్ పూతని స్టీలు పీచుతో గీకొద్దు, మెత్తటి స్పాంజి చాలు. వాసన పట్టిన మూలలకి వంట సోడా ముద్ద రాసి వదిలేస్తే అది లాగేస్తుంది. అందరూ మర్చిపోయేది కాయిల్. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, యంత్రాన్ని తలకిందులు చేసి తడి గుడ్డతో తుడవాలి. నెలకోసారైనా ఇది చేయని ఇంట్లో బేకన్ ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టినా పొగే.

నాకు మాత్రం ఇప్పటికీ 350 నచ్చుతుంది. దానికి కారణం వెన్న.

అమ్మ వెన్న కాచేటప్పుడు గిన్నెలోకి చూసేది తక్కువ. పొయ్యి మీద పెట్టిన కాసేపటికి పెద్ద పెద్ద బుడగలు, చిటపట గోల. అది వెన్నలోని నీరు పోతున్న చప్పుడు. దుకాణంలో కొనే వెన్నలోనే నూటికి పదహారు పాళ్ళ దాకా నీరుంటుంది, ఇంట్లో చిలికిన దాంట్లో ఇంకా ఎక్కువ. నీరు తగ్గేకొద్దీ గోల సన్నగిల్లి, బుడగలు చిన్నవై, పైన తెల్లటి నురగ కడుతుంది. అప్పుడు మునగాకు రెమ్మ వేస్తే కరకరమని వేగేది. చప్పుడు దాదాపు ఆగిందంటే నీరు పోయినట్టే. ఆ పైన ఒక్క నిమిషం కమ్మదనం, రెండో నిమిషం మాడు. గసి ఇంకా లేత రంగులో ఉండగానే అమ్మ దించేసేది, మిగతా రంగు గిన్నె వేడికే తిరుగుతుంది. మంట పెద్దది చేస్తే నీరు పోకముందే అడుగు నల్లబడి, నెయ్యంతా మాడు వాసన కొట్టేది.

బేకన్‌లో జరిగేది అచ్చం ఇదే. ముందు తడి పోవాలి, తర్వాత కొవ్వు కరగాలి, ఆఖర్న కండ భాగం రంగు తిరగాలి. వేడి ఎక్కువైతే ఈ వరస తప్పుతుంది. అంచులు నల్లబడతాయి, మధ్యలో కొవ్వు తెల్లగా రబ్బరులా ఉండిపోతుంది. 350 దగ్గర, అంటే 177 సెల్సియస్, కొవ్వుకి కరిగే తీరిక ఉంటుంది. చివరికి ముడి బరువులో మూడో వంతు చుట్టూ మిగులుతుంది. అంత తగ్గిందంటే సరిగ్గా వేగినట్టే, నష్టపోయామనుకోనక్కర్లేదు.

ఫ్రయ్యర్‌లో ఫ్యాను హోరుకి చిటపట వినపడదు, అందుకని ఆరో నిమిషంలో సొరుగు లాగి చూడాలి. ఫిలిప్స్ 2010లో బెర్లిన్‌లో మొదటిసారి చూపించినప్పటి నుంచీ దీన్ని ఫ్రయ్యర్ అంటున్నారు గానీ, ఇది పైన కాయిల్, ఫ్యాను ఉన్న చిన్న ఓవెనే. ఒకసారి తెరిస్తే ఏమీ కాదు, వేడి చప్పున తిరిగొస్తుంది. పట్టీ మీద సన్నటి నురగ బుడగలు కనిపిస్తుంటే ఇంకో రెండు మూడు నిమిషాల పని.

పట్టీల్ని సగానికి కోసి పరిస్తే అయిదారు క్వార్ట్‌ల (దగ్గర దగ్గర అయిదారు లీటర్ల) బుట్టలో ఆరు పడతాయి. అంచులు తగలొచ్చు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కిన చోట గాలి ఆడక పచ్చిగా మిగులుతుంది. పల్చటివి కొవ్వు పోయాక తేలికై ఫ్యాను గాలికి లేచి కాయిల్‌కి అతుక్కుంటాయి, పైన చిన్న ఊచల స్టాండు బోర్లిస్తే కదలవు. టర్కీ బేకన్ అయితే ఇంకా తేలిక. దాంట్లో కొవ్వు తక్కువ కాబట్టి కాస్త నూనె రాయాలి, అయినా ఆ కరకర రాదు, ఆశ పెట్టుకోకండి. రెండో వాయికి బుట్ట వేడెక్కి ఉంటుంది, రెండు నిమిషాలు తగ్గించాలి.

దించాల్సింది ఇంకా కొంచెం వంగుతుండగానే. ఊచల మీద రెండు నిమిషాలు ఆరితే కొవ్వు గట్టిపడి అప్పుడు విరుగుతుంది. పేపర్ టవల్ మీద దొంతరగా పోస్తే కింద ఆవిరి పట్టి మెత్తబడుతుంది.

కొవ్వు సింకులో పోయొద్దు, గొట్టంలో గడ్డ కడుతుంది. వడగట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే బంగాళాదుంపలు వేయించుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఆడవాళ్ళు ఈ కొవ్వునే డబ్బాలకెత్తి మాంసం కొట్టులో ఇచ్చేవారట, అందులోంచి గ్లిజరిన్ తీసి పేలుడు మందు తయారీకి వాడారు. ఇంట్లో పొగ పెట్టుకోవడం కన్నా అది నయం.

పిల్లలకి వారానికొక్కసారే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఇలా ఉప్పు పెట్టో పొగ పట్టించో నిల్వ చేసే మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది, అది నేను తేలిగ్గా తీసుకోను.

అట్టముక్క మీద ఆ లైను కొట్టేసి పెన్నుతో రాశాను. మామూలు కోత 350, తొమ్మిది నిమిషాలు. థిక్ కట్ 350, పదమూడు, సగంలో తిప్పాలి. తీపి పూసింది 325, పదో నిమిషం నుంచీ పక్కనే నిలబడాలి. కింద పెద్ద అక్షరాల్లో: నీళ్ళు పోశారా? సొరుగు కడిగారా? ఆయన పొద్దున కాఫీ కప్పు తీసే అరకి అంటించాను. అత్తయ్యగారి బెండకాయలకి వేరే బుట్ట రేపే ఆర్డర్ పెట్టాలి.