12-13 స్పానర్

ఆదివారం. భోగికి ఇంకా మూడ్రోజులుంది.

పొద్దున ఆరున్నరకల్లా కారు తీసి వీధిలో పెట్టేసి, షెడ్డు గోడకి తగిలించిన సామాన్లన్నీ ఒక్కొక్కటే దింపి కింద గోనెపట్టా పరిచి దాని మీద పేర్చా. మా ఆవిడ కాఫీ తెచ్చి, దీపావళి సెలవుల్లో మూడ్రోజులు కూర్చుని తగిలించినవే కదండీ ఇవి, మళ్ళీ ఎందుకు దింపుతున్నారు అంది. గురువారం రాత్రి సంగతి తనకీ తెలుసు, కాకపోతే మొత్తం విప్పేస్తానని అనుకోలేదు.

గురువారం నేను ఒరగడంలో డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి పది దాటింది. నాన్న షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనిమిదింటప్పుడు మోటారు వేస్తే పంపు దగ్గర ఫ్లాంజి బోల్టు లూజయ్యి నీళ్ళు చిమ్ముతున్నాయంట, మోటారు ఆపేసి, రెండు చుట్లు బిగిస్తే అయిపోయే పనికి 12-13 స్పానర్ (ఒక కొస 12 ఎంఎం, రెండో కొస 13) కోసం గోడంతా తడిమి తడిమి, దొరక్క అలా కూర్చుండిపోయాడు. పైన ట్యాంకులో చుక్క లేదు. నేను స్పానర్ తీసి బిగించడానికి నిమిషం పట్టలేదు. అప్పుడన్నాడు, "నా సామాన్ల దగ్గర నేనే తడుముకోవాల్సొచ్చింది కదరా" అని. కోపంగా అన్లేదు, మామూలుగానే అన్నాడు, నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నాన్న పెరంబూరు రైలు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. గూడూరు నుంచి ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చి రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు, ఇప్పుడు 76. నాలుగేళ్ళ కింద గ్లకోమా అని తేలింది. చుక్కలు వేస్తున్నాం, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడితే చాలన్నారు డాక్టరు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది ఆయనకి, పక్క చూపు పోయింది, సన్న గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందిరా అంటాడు. ఇది నాకు తెలుసు. తెలిసీ నేను ఆ గోడ మీద అరవై సామాన్లు ఒకేసారి కంటికి కనబడేలా సర్దా. మనకి ఒక్క చూపులో మొత్తం గోడ కనిపిస్తుంది, ఆయనకి ఒక్కో చూపుకి ఒక్కో సామాను, అరవైసార్లు చూడాలి, అందులోనూ ఆ రోజు ట్యూబులైటు మిణుకుమిణుకుమంటోంది.

అసలు గోడ మీదకి ఎందుకెక్కించానంటే దానికీ కారణం ఉంది. మాది చెన్నైలో వేళచ్చేరి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ దానికి ముందు రెండ్రోజులు చెన్నై మీద కుండపోత, మా షెడ్డులో మోకాలి పైకి నీళ్ళు. నాన్న సామాన్లన్నీ అప్పుడు ట్రంకుపెట్టెలో ఉండేవి, పెట్టె కింద నేల మీద. మూడోరోజు తెరిస్తే బురద. ఆకురాళ్ళు పళ్ళు తినేసి పోయాయి, వాటిని పారెయ్యక తప్పలేదు. ఉలి పిడులు ఉబ్బి ఒకటి నిలువునా చీలింది. స్పానర్లూ కటింగ్ ప్లేయర్లూ మాత్రం బతికించాం, తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్ళలో ముంచి కడిగి (ఆ పులుపు లోహం మీద మిగిలితే మళ్ళీ తుప్పే), ఎండలో పెట్టి, కుట్టుమిషను నూనె పట్టించాం. ప్లేయర్ల కీలు దగ్గర నాలుగైదు రోజులు నూనె వేస్తూ ఆడిస్తూ ఉంటే గానీ కదల్లేదు. ఆ నీళ్ళు ఎంత ఎత్తున నిలబడ్డాయో నాన్న గోడ మీద మేకుతో గీత గీసి తారీఖు వేశాడు, నేల నుంచి ఇరవయ్యారు అంగుళాలు. ఇంక ఆ గీత కింద ఇనుము పెట్టకూడదని అప్పుడే అనుకున్నాం.

అందుకే దీపావళికి 12 ఎంఎం మెరైన్ ప్లై సగం షీటు, నాలుగడుగులకి నాలుగడుగులు, మూడడుగుల ఎత్తు నుంచి బిగించా. గోడకి ఆనించి కొట్టలేదు, వెనకాల అంగుళం మందం రీపర్లు (చెక్కపట్టీలు) వేసి గాలాడేలా వదిలా, లేకపోతే వానాకాలం గోడలో చెమ్మ ప్లైకి, ప్లై నుంచి సామానుకి ఎక్కుతుంది. ఆ పని మాత్రం మంచిగా కుదిరింది, దాన్ని ఇవాళ కదపలేదు. తప్పు జరిగింది సర్దుడులో. మా షాపుఫ్లోరులో ఉన్నట్టు ప్రతి సామాను చుట్టూ మార్కరుతో గీత గీసి, స్పానర్లు 6-7 నుంచి 20-22 దాకా చిన్న నుంచి పెద్దకి వరసగా, స్క్రూడ్రైవర్లు పొడవు ప్రకారం, అలా. కంపెనీలో ఆ గీతల బోర్డు బాగా పనికొస్తుంది ఎందుకంటే అక్కడ షిఫ్టుకో మనిషి, ఏది లేదో సూపర్వైజరుకి దూరం నుంచి తెలియాలి. ఇక్కడ వాడేది ఇద్దరం, ఆ ఇద్దరిలో ఎక్కువ వాడేది నాన్న.

సరే, అన్నీ దింపాక నాన్నని పిలిచా. ఏది ఎక్కడుండాలో చెప్పు నాన్నా అంటే చెప్పలేకపోయాడు, "చెప్పడం రాదురా, చెయ్యికి తెలుసు" అన్నాడు. అయితే బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రా, 12-13 కావాలనుకుని రా అన్నా. వెళ్ళాడు, చెప్పులు విడిచి తలుపు దాటి లోపలికొచ్చి, చూడకుండానే కుడిచెయ్యి ఎత్తి ఖాళీ ప్లై మీద ఒకచోట పెట్టాడు. తలుపు నుంచి జానెడు లోపల, ఛాతీ ఎత్తులో. పెన్సిల్‌తో అక్కడ చుక్క పెట్టా. మళ్ళీ వెళ్ళి రా, కటింగ్ ప్లేయరు. మళ్ళీ చెయ్యి పెట్టాడు, ఇంకో చుక్క. అలా ఒక పాతిక సామాన్లకి తిరిగాం. మధ్యలో మా అమ్మాయి లేచొచ్చి ఆట అనుకుని తను కూడా తాతయ్య వెనకాలే తిరగడం మొదలుపెట్టింది, తర్వాత పెన్సిల్ దానికే ఇచ్చా.

ఆ చుక్కలన్నీ చూస్తే నేను సొంతంగా ఆలోచించినా ఎప్పటికీ రాని లెక్క కనిపించింది. స్పానర్లు సైజు వరసలో లేవు. తలుపు దగ్గర 12-13, దాని కింద 10-11, తర్వాత 16-17, 18-19. మిగతా నాలుగూ దూరంగా మూలకి. ఎందుకని అడిగితే ఇంట్లో బోల్టులెన్ని రకాలు లెక్కపెట్టు అన్నాడు. నిజమే, స్పానర్ మీద అంకె బోల్టు లావుది కాదు, దాని తల వెడల్పుది. 6 ఎంఎం బోల్టుకి తల 10, 8 ఎంఎంకి 13, 10 ఎంఎంకి 17, 12 ఎంఎంకి 19. మోటారు, గేటు, సైకిలు, మంచం, బీరువా, ఏది తీసుకున్నా ఎక్కువగా ఈ నాలుగు బోల్టులే, ఆ నాలుగు స్పానర్లే. 14-15 ఎప్పుడు ముట్టుకున్నానో నాకే గుర్తులేదు. అయినా దాన్ని సెట్టులో మధ్యలో రాజాలా కూర్చోబెట్టి, రోజూ కావాల్సిన 12-13ని దాని పక్కన ఇరికించా.

స్క్రూడ్రైవర్లకి ఇంకో సంగతి బయటపడింది. నాన్న వాటి పిడుల మీద ఎప్పుడో ఆకురాయితో గాట్లు పెట్టుకున్నాడు, ఒక గాటు ప్లెయిన్, రెండు గాట్లు స్టార్. ఇన్నేళ్ళూ చూసి కూడా అరిగిన గీతలనుకున్నా. గ్లకోమా రాకముందు నుంచే ఉన్నాయవి, రైలుపెట్టె కింద దూరి పని చేసేటప్పుడు సామాను కనపడదు కదరా అన్నాడు. ఇప్పుడు ప్లైకి ఒక చెక్కపట్టీ కొట్టి రంధ్రాలు పెట్టి స్క్రూడ్రైవర్లు పిడి పైకి ఉండేలా దింపా, వేలితో తడిమితే చాలు. మార్కరు గీతలు థిన్నర్‌తో తుడిచేశా. మా అమ్మాయి తన కత్తెర గీత ఒక్కటి ఉంచమంది, ఉంచా.

ఉలులకి మాత్రం నాన్న మాట వినలేదు. ఆయన వాటిని కూడా చేతికందే చోట కావాలన్నాడు, నేను వద్దన్నా, తడుముకునే చేతికి అంచు తగులుతుంది. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి ఎడంపక్క పై అరలో చెక్కపెట్టెలో, ఒక్కోదానికి పాత ట్యూబు ముక్క తొడుగు వేసి పెట్టాం. పెట్టెలో కర్పూరం బిళ్ళ వేశాడు, అది ఆయన పాత అలవాటు. కొత్త ఆకురాళ్ళు ఇదివరకు ఒకే డబ్బాలో కుప్పగా ఉండేవి, అది మహా పాపం. ఆకురాయి గట్టిగా ఉంటుంది కానీ పెళుసు, ఒకదాని మీద ఒకటి రాసుకుంటే పళ్ళు విరిగి మొద్దుబారుతుంది. అంగుళంన్నర పీవీసీ పైపు ముక్కలు కోసి పక్కపక్కన బిగించి ఒక్కో గొట్టంలో ఒక్కోటి వేశా. నూనె వాటికి మాత్రం పట్టించలేదు, నూనె ఉంటే పని మీద జారుతుంది, రజను పళ్ళలో ఇరుక్కుంటుంది. సుద్దముక్క రుద్దితే చాలు, రజనూ పట్టదు, చెమ్మా కాస్త పీల్చుకుంటుంది. హాక్సా బ్లేడు లూజు చేసి పెట్టా.

తుప్పు సంగతి ఈ ఊళ్ళో ఎంత చెప్పినా తక్కువే. గాల్లో తేమ అరవై శాతం దాటిందంటే ఇనుముకి ఇబ్బంది మొదలు, మా షెడ్డులో చిన్న మీటరు పెట్టి చూస్తే పొద్దున 83 చూపించింది, ఇది జనవరిలో. దానికి తోడు సముద్రం నుంచి ఉప్పు గాలి. వానలో తడిసిన కారు తెచ్చి లోపల పెట్టి షట్టరు మూసేస్తే ఆ తడంతా సామాన్లకే, అందుకే వానాకాలం రెండు గంటలైనా షట్టరు కింద నాలుగంగుళాలు వదలాలి. డబ్ల్యూడీ-40 కొట్టేస్తే అయిపోయిందనుకునేవాణ్ణి నేను కూడా, కానీ అది నీళ్ళని తోసెయ్యడానికి తయారు చేసింది, పేరులోనే ఉంది, వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నలభయ్యో ప్రయత్నం అని. తడి పోగొట్టడానికి అదే మంచిది, నెలల తరబడి కాపాడాలంటే మాత్రం పైన కాస్త చిక్కటి నూనె ఉండాలి. నాన్న దగ్గర ఒక రేకు డబ్బాలో నూనె గుడ్డ ఉంటుంది, పని అయ్యాక సామాను దాంతో తుడిచి పెట్టడం, అంతే. ఆయుధపూజకి పెట్టిన గంధం బొట్లు ఆ మర్నాడే తుడవాలి అని ప్రతి ఏడూ చెప్తాడు. పోయినసారి నేను మూలమట్టం బ్లేడు మీద వదిలేశా, సరిగ్గా బొట్టంత గుండ్రంగా తుప్పు మచ్చ పడింది, ఇవాళ ఎమరీ పేపరుతో రుద్దినా పూర్తిగా పోలేదు.

మధ్యాహ్నం పప్పుచారూ అప్పడాలూ తిని ఒక గంట పడుకుని మళ్ళీ దిగాం. స్క్రూలు, మేకులు, వాషర్లు అన్నీ పాత హార్లిక్స్ సీసాల్లోకి మార్చి, మూతలు పై అర కిందభాగాన స్క్రూలతో బిగించి సీసాలు వేలాడదీశాం, ఒంటిచేత్తో తిప్పితే ఊడొస్తాయి. ఖాళీ అయిన అట్టపెట్టెలు ఒక మూట అయ్యాయి, భోగిమంటలోకి అని మా ఆవిడ గేటు పక్కన పెట్టింది.

అన్నీ తగిలించాక 10-11 మేకు ఖాళీగా మిగిలింది. ఎవరో అడిగితే ఇచ్చాం, ఎవరికో ఇద్దరికీ గుర్తురావట్లేదు. అప్పుడు నాన్న ఫ్యాక్టరీ టూల్‌రూము సంగతి చెప్పాడు. ఒక్కో మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవాళ్ళంట, కిటికీ దగ్గర బిళ్ళ ఇస్తే సామాను ఇస్తారు, ఆ సామాను ఉండే కొక్కేనికి బిళ్ళ వేలాడుతుంది, సాయంత్రం సామాను ఇచ్చి బిళ్ళ తెచ్చుకోవాలి. ఏది ఎవరి దగ్గరుందో అడగక్కర్లేదు, కొక్కెం చూస్తే చాలు. ఇది విని మా అమ్మాయి అప్పటికప్పుడు పెళ్ళిపత్రిక అట్ట కత్తిరించి ఆరు బిళ్ళలు చేసి దారాలు కట్టింది. సాయంత్రం ఎదురింటి వడ్రంగి అన్న రంపం అడగడానికొస్తే (ఆయన తమిళం, మేం తెలుగు, రంపానికీ ఉలికీ రెండు చోట్లా ఒకటే పేరు) ఆయన పేరు రాసి రంపం మేకుకి తగిలించింది. ఆయన కూడా ముచ్చటపడి బిళ్ళ సరిగ్గా తగిలిందా అని చూసి మరీ వెళ్ళాడు.

10-11 కొత్తది విడిగా ఒక్కటే దొరుకుతుంది ప్యారీస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో, శనివారం వెళ్ళాలి. సెట్టు కొందామా అంటే నాన్న వద్దన్నాడు. అంతవరకు ఆ మేకుకి ఇంకేమీ తగిలించొద్దన్నాడు. ట్యూబులైటు చోక్ కూడా మార్చాలి.

రాత్రి తొమ్మిదిన్నర. స్నానం చేసినా వేళ్ళకి నూనె వాసన పోలేదు. ఇది రాస్తుంటే కింద షెడ్డు తలుపు చప్పుడైంది, లైటు వెయ్యలేదు, స్పానర్ మేకు మీంచి తీసిన శబ్దం, మళ్ళీ తగిలించిన శబ్దం. ఇంకోసారి. నేను దిగలేదు.