అమ్మ ఫ్యామిలీ పెన్షన్: నాన్న ఇనుప పెట్టెలో దొరికినవి

నాన్న 1981లో కానిస్టేబుల్‌గా చేరి 2017లో ఏఎస్సైగా రిటైరయ్యాడు. సర్వీసంతా హైదరాబాద్ సిటీలోనే. నిరుడు ఇంట్లోనే, నిద్రలో పోయాడు.

పెద్దకర్మ కాగానే ఆయన బ్యాచ్‌మేట్ ఇంటికొచ్చాడు. మేం బాబాయ్ అంటాం. "ముందు పెన్షన్ పేమెంట్ ఆఫీసులో చెప్పు. పోయిన తర్వాత ఖాతాలో పడ్డ డబ్బు ముట్టుకోకండి, వాపస్ తీసుకుంటారు" అన్నాడు. ఫ్యామిలీ పెన్షన్ మాత్రం చనిపోయిన మర్నాటి నుంచే లెక్క కడతారు. మంజూరు ఆలస్యమైనా ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

డెత్ సర్టిఫికెట్‌కు ఇబ్బంది కాలేదు. శ్మశానంలో ఇచ్చిన రసీదు దాచాం, 21 రోజుల్లోపే జీహెచ్ఎంసీలో నమోదు చేయించాం. కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి, అందరూ ఒరిజినలే అడుగుతారు.

తిప్పలన్నీ అమ్మ పేరుతోనే. పెన్షన్ పుస్తకంలో పుట్టింటి పేరుంది, ఆధార్‌లో అత్తింట్లో పెట్టిన పేరుంది. కౌంటర్‌లో ఆయన మర్యాదగానే చెప్పాడు: "అమ్మా, రెండూ మీరేనని కాగితం కావాలి." స్టాంపు పేపర్ మీద నోటరీ అఫిడవిట్, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, దానికి తోడు పాత ఆధారం ఏదైనా.

ఆ ఆధారం కోసమే నాన్న ఇనుప పెట్టె తెరిచాం. పైన రివార్డు కాగితాలు, గుడ్ సర్వీస్ ఎంట్రీలు, రబ్బరు బ్యాండు వేసి. ఆయన వీటి గురించి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కో కాగితం తీస్తుంటే అమ్మ తేదీ చూసి మిగతా కథ చెప్పేది. 1990 డిసెంబర్ అనగానే పాతబస్తీ కర్ఫ్యూ, ఇంటికి రాకుండా పికెట్‌లోనే ఉండిపోయిన రోజులు, నాకేమో జ్వరం. 2007 ఆగస్టు 25 అనగానే గోకుల్ చాట్, లుంబినీ పార్క్ పేలుళ్లు. ఆ రాత్రి ఫోన్ కలవక అమ్మ వాకిట్లోనే కూర్చుందట. నిమజ్జనం కాగితాలకు లెక్కే లేదు. మా గల్లీ గణపతి ఒక్కసారి కూడా నాన్న చేతుల మీదుగా నీళ్లలోకి వెళ్లలేదు. ఆయన డ్యూటీ ట్యాంక్‌బండ్ మీద, వేరేవాళ్ల గణపతుల దగ్గర. చిన్నప్పుడు నాకు దానిమీద చాలా కోపం ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదనుకోండి. కానీ మా ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ కార్డులు ఆ రివార్డుల కిందే, క్లాసుల వారీగా పేర్చి ఉన్నాయి. అంత ఓపిక ఎప్పుడు దొరికిందో!

అడుగున పాత రేషన్ కార్డు దొరికింది. అందులో అమ్మకు రెండు పేర్లూ ఉన్నాయి. దాంతో ఫైలు కదిలింది. నాన్న చివరి జీతం బేసిక్‌లో 30 శాతం, పైన డీఆర్, అంటే కరువు భత్యం. నాన్నకు వచ్చేదానికంటే బాగా తక్కువ. అమ్మ మొదటి నెల డబ్బుతో గ్యాస్, మందులు పోను మిగిలింది నా చేతిలో పెట్టబోతే వద్దన్నాను.

ఈ సంగతంతా విన్న బాబాయ్ ఆ రాత్రే తన పెన్షన్ పుస్తకం తీసి చూసుకున్నాడు. పొద్దున్నే ఫోన్: "మీ పిన్ని పేరు కూడా తప్పే పడిందిరా. ఆ నోటరీ ఎక్కడ కూర్చుంటాడు?"