ఆటో ఆపమనలేక

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో షేర్ ఆటో ఎక్కితే లబ్బీపేటలో దిగాలి. మా ఆఫీసు సందు రాగానే ‘ఇక్కడ ఆపండి’ అంటే చాలు. ఆ రెండు మాటలే పెదవి దాటేవి కావు. టిక్కిల్ రోడ్డు దగ్గర్నుంచే లోపల రిహార్సల్ మొదలయ్యేది. అన్నా అనాలా, బాబాయ్ అనాలా? గట్టిగా అంటే అందరూ తిరిగి చూస్తారేమో, మెల్లగా అంటే వినపడదేమో. ఈలోగా సందు దాటిపోయేది. ఎవరో ఒకరు దిగేదాకా కూర్చుని, ఒక్కోరోజు స్వరాజ్ మైదానం దాకా పోయి, వాళ్లతో పాటు దిగి, ఎండలో వెనక్కి నడిచేవాణ్ణి. అప్పటికి నాకు 29 ఏళ్లు.

చిన్నప్పుడు దీన్నే అందరూ మెచ్చుకున్నారు. “మీవాడికి నోట్లో నాలుక లేదండీ, బంగారం” అనేవాళ్లు. పెళ్లి భోజనాల్లో పప్పు రెండోసారి వస్తే ఆకలేస్తున్నా విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. ఆహారంలో, వ్యవహారంలో మొహమాటం పనికిరాదని మా అమ్మమ్మ చెబుతూనే ఉండేది. ఆహారం సంగతి సరే, వ్యవహారంలో మాత్రం గట్టిగానే తగిలింది. మా బాబాయి కొడుకు బండి రిపేరుకని తీసుకున్న 8 వేలు నాలుగేళ్లయినా అడగలేకపోయాను. పైగా వాడు ఎదురుపడితే, అప్పు నేను పడ్డట్టు నేనే పక్కకు తప్పుకునేవాణ్ణి.

ఆఫీసులో సీనియర్ పోస్టు ఇస్తామన్నారు. వారం వారం నలుగురి ముందు లెక్కలు చెప్పాలన్నారు. ఇంట్లో ఇబ్బందులున్నాయని అబద్ధమాడి వద్దన్నాను. నా తర్వాత రెండేళ్లకు చేరిన కుర్రాడికి ఇచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టక 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని, 2022 అక్టోబరులో మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్రం మొదలుపెట్టిన ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోనంటేనే బెదిరేవాడికి ఫోన్లో సాయం! మూడుసార్లు రింగవకముందే కట్ చేశాను. నాలుగోసారి మాట్లాడాను. అంతా విని, దగ్గర్లో సైకాలజిస్టు ఎవరినైనా కలవమన్నారు.

ఒకావిణ్ణి కలిశాను. ఆవిడ నన్ను ధైర్యంగా ఉండమంటుందనుకున్నాను. అనలేదు. “ఆటోలో ఆ పది నిమిషాలూ ఏం చేస్తారో చెప్పండి” అంది. పాట లేకపోయినా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను. ఫోన్ చూస్తున్నట్టు నటిస్తాను. అనాల్సిన మాట బట్టీ పడతాను. అన్నీ కాగితం మీద రాయించింది. “వీటితో గండం గడిచిన ప్రతిసారీ, వీటివల్లే బయటపడ్డానని మీ మనసు అనుకుంటుంది. ఇవి లేకపోయినా ఏమీ కాదని దానికి తెలిసేదెప్పుడు?” అంది. నిజం చెప్పొద్దూ, కోపమొచ్చింది. ఇన్నేళ్లూ నన్ను కాపాడుకొచ్చినవి అవేనని నా నమ్మకం మరి.

ఇది పుట్టుకతో వచ్చిందా, పెంపకమా అని అడిగాను. హార్వర్డ్‌లో జెరోమ్ కాగన్ అనే ఆయన నాలుగు నెలల పసిపిల్లల మీద చేసిన పరిశోధన సంగతి చెప్పింది. కొత్త బొమ్మలు చూపించి, కొత్త శబ్దాలు వినిపిస్తే, దాదాపు ఐదో వంతు పిల్లలు కాళ్లూ చేతులూ కొట్టుకుని ఏడ్చారట. పెద్దయ్యాక కొత్తవాళ్ల దగ్గర బెరుగ్గా ఉన్నది ఎక్కువగా వాళ్లే, కానీ అందరూ అలా ఉండిపోలేదట. నా బిడియంలో కొంత నా తప్పు కాదన్నమాట. ఆ మాటతో కోపం సగం తగ్గింది.

తర్వాత మెట్ల జాబితా రాశాం. భయాన్ని బట్టి ఒక్కోదానికి వందకి ఇన్ని మార్కులని. ఆటో ఆపమనడం 40. బీసెంట్ రోడ్డులో బేరమాడి కొనకుండా రావడం 55. ఆఫీసు మీటింగులో ప్రశ్న అడగడం 75. తమ్ముడి దగ్గర 8 వేలు అడగడం 95.

ఆటో మెట్టు మొదటి వారమే ఎక్కాను, ఎక్కానంటే ఎక్కాను. ఇయర్‌ఫోన్స్ ఇంట్లో వదిలేసి వెళ్లాను. “ఆపండి” అంటే పిల్లి కూత లాంటిది వచ్చింది. డ్రైవర్‌కి వినపడలేదు. ముందు సీట్లో పెద్దావిడ “బాబూ, ఆపమంటున్నాడు!” అని కేకేసింది. అందరూ చూశారు. నేను ఏ దృశ్యానికి ఇన్నేళ్లు భయపడ్డానో అచ్చం అదే. చిల్లర ఇచ్చి దిగి చూస్తే మా సందు ముందే ఉన్నాను.

బీసెంట్ రోడ్డు మాత్రం చుక్కలు చూపించింది. మొదటి వారం చెప్పులు కొనుక్కొచ్చాను. రెండో వారం గొడుగు. “కొనకుండా రావాలండీ” అని ఆవిడ ఒకటే నవ్వు. మూడోసారి చెప్పుల దగ్గరే నిలబడ్డాను. అతను 350 అన్నాడు, నేను 200 అన్నాను. 250కి దిగాడు. అక్కడితో చెవులు వేడెక్కాయి, చంకల్లో చెమట. ఇచ్చేసి పోదామా అని చెయ్యి జేబులోకి వెళ్లింది కూడా. భయం వస్తే పారిపోకుండా అక్కడే ఉండండి, అదే దిగుతుందని ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చింది. చెప్పు తిరగేసి అడుగు చూశాను, కుట్లు లెక్కపెట్టాను. గుండె దడ నిజంగానే కాస్త నెమ్మదించింది. “వద్దులే అన్నా” అని కింద పెట్టేశాను. తిడతాడనుకున్నాను. అతను అప్పటికే నా భుజం మీదుగా “రండమ్మా, కొత్త మోడల్స్!” అంటున్నాడు.

అమెరికాలో 2000లో ఇలాంటి ప్రయోగమే ఒకటి అచ్చయిందట. వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టుతో కుర్రాళ్లను గదిలోకి పంపితే, సగం మంది దాకా గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. గమనించింది పావు వంతు. నన్నయితే ఆ చెప్పులాయన పావు వంతు కూడా పట్టించుకోలేదు.

మీటింగులో ప్రశ్న అడగడానికి రెండు నెలలు పట్టింది. గొంతు వణికింది, జవాబు దొరికింది. ఇప్పటికీ నేను తక్కువే మాట్లాడతాను. దాన్ని మార్చుకోవాలని కూడా లేదు. మాట్లాడకపోవడం వేరు, మాట్లాడలేకపోవడం వేరు కదా.

95 మార్కుల మెట్టు అలాగే ఉంది. ఈ ఆదివారం పటమటలో బాబాయి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. తమ్ముడే ఫోన్ చేసి పిలిచాడు, “అన్నయ్యా, తప్పకుండా రావాలి” అని. వస్తానన్నాను. ఫోన్లోనే అడిగేయబోయాను కానీ, పిలుపుకి ఫోన్ చేసినవాణ్ణి అప్పు అడిగితే బాగుండదనిపించింది. ఇది మర్యాదా, నా పాత మొహమాటమా అన్నది ఆవిణ్ణే అడగాలి.