పాత సర్వర్‌లో ఆరుగురం

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నెట్ సెంటర్‌లో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల కంప్యూటర్ గేమ్ ఆడి పెరిగిన బ్యాచ్ మాది. నిన్న రాత్రి ఓ పాత సర్వర్‌లోకి వెళ్తే ఉన్నది ఆరుగురమే. డస్ట్ 2 మ్యాప్‌లో మూలమూలా తెలిసిన ముదుర్లు. కొత్తగా వచ్చిన పిల్లాడు తల బయటపెట్టగానే ఔట్. నాలుగు రౌండ్లు చూసి వెళ్లిపోయాడు, పాపం. మళ్లీ ఎందుకొస్తాడు?

పాత ఆన్‌లైన్ గేమ్‌ని కంపెనీయే మళ్లీ తెచ్చినా జనం నిలవడం కష్టమే. అలా వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌కి 2019లో లాగిన్ కోసమే గంటల క్యూలు. ఆఖరి లెవల్ 60 అయ్యాక చాలామంది జారుకున్నారు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే మరో ఆన్‌లైన్ గేమ్‌ది వేరే కథ: 2007 నాటి ఆటతో 2013లో మొదలై, ఆడేవాళ్ల ఓట్లతో కొత్తవి కలుపుకుంటూ నిలబడింది.

మావాళ్లను గ్రూప్‌లో పిలిచా. "పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపాలి, పడుకో రా" అని ఒక్కడి రిప్లై.