తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయాను

మార్కులు బాగా పడతాయని ఎవరో అంటే కాలేజీలో ఫ్రెంచ్ తీసుకున్నా. అంకెలు నేర్చుకోవడంలో 69 దాకా బండి బాగానే నడిచింది. 70 అంటే ‘అరవై-పది’ అట! 80 ‘నాలుగిరవైలు’. 99కి ‘కాత్ర్ వాఁ దీజ్ నఫ్’, అంటే నాలుగిరవైల పంతొమ్మిది.

ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చెబుతారు. డిక్టేషన్‌లో అరవై అని వినగానే 60 రాసేశా. వెనకాలే పదిహేను వచ్చింది. కొట్టేసి 75 చేసేలోపు మేడమ్ నంబరు పూర్తి చేసేశారు.

బెల్జియం, స్విట్జర్లాండ్ వాళ్లు డెబ్భైకి ‘సెప్తాఁత్’, తొంభైకి ‘నొనాఁత్’ అని సుఖంగా అనేస్తారని తెలిశాక కడుపు మండింది.

ఫ్రెంచ్‌లో బల్ల ఆడదీ, పుస్తకం మగదీ ఎందుకయ్యాయో ఇంకా అడగలేదు. (మనకి రెండూ ‘అదే’, హాయి!) సోమవారం మళ్లీ డిక్టేషన్.